ఒక్క అంగ ఆలస్యం

మూడు శనివారాల్లో పద్నాలుగుసార్లు లైన్స్‌మన్ జెండా ఆమోస్ కాట్లో మీద లేచింది. అంతకు ముందు సీజన్ మొత్తానికి లేచింది తొమ్మిదిసార్లు. రేక్లిఫ్ ఫుట్‌బాల్ జట్టుకు ఏడేళ్ళుగా కుడి వింగ్‌లో ఆడుతున్నవాడు, ఈ ఏప్రిల్‌లో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్ జట్టులో ఉంటాడని పత్రికలు రాస్తున్నవాడు, బంతి రాకముందే పరిగెత్తి ఆఫ్‌సైడ్‌లో నిలబడుతున్నాడు. మైదానంలో సొంత జనమే ఈలలు వేశారు. ఎంపిక కమిటీ మనిషి వచ్చే శనివారం అతని ఆట చూడటానికి వస్తున్నాడు. ఆమోస్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. ఈ ఏడాది తప్పితే ఆ కమిటీ మళ్ళీ మా ఊరి దారి పట్టదు.

మంగళవారం సాయంత్రం బంగాళాదుంపలు చెక్కు తీస్తూ అతని భార్య క్లారా అసలు సంగతి చెప్పింది. ఆమె మిల్లులో నేతగత్తె. పోయిన శనివారం గోడవారన నిలబడి ఆట చూస్తూ ఎనోక్ డక్స్‌బరీ పెదవులు చదివింది. "నిన్ను పో అంటున్నాడు. అని ఒక అంగ ఆగుతున్నాడు. అప్పుడు తన్నుతున్నాడు. మొత్తం ఆట అంతే," అంది. ఆమోస్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పోయిన భాగంలో అతన్ని మనం అక్కడ వదిలాం.

ఎనోక్ అతనికి పరాయివాడు కాదు. కుడివైపు గీత వెంట ఆమోస్ ఆడితే, అతని పక్కన లోపలివైపు ఆడేది ఎనోక్. ఏడేళ్ళలో ఇద్దరూ కలిసి దిగని మ్యాచులు పదకొండు. బంతి ఎనోక్ కాలికి వస్తుంది. అతను "పో" అంటాడు. ఆమోస్ వెనక్కి చూడకుండా పరిగెత్తుతాడు. చూస్తే అర అంగ పోతుంది. బంతి ఎదుటివాళ్ళ మీదుగా వచ్చి ఆమోస్ ముందు పడుతుంది. ఆ బంతి ఎనోక్ కాలు వదిలే క్షణానికి ఆమోస్‌కూ అవతలి గోలుకూ మధ్య ఎదుటి జట్టువాళ్ళు ముగ్గురు ఉండాలి. ఇద్దరే ఉంటే, ఆ రోజుల రూలు ప్రకారం, ఆఫ్‌సైడ్. జెండా. కాబట్టి ఆమోస్‌ను పాడు చేయాలంటే బంతి ఇవ్వకుండా ఉండనక్కర్లేదు. "పో" అన్నాక ఒక్క అంగ ఆగితే చాలు. ఆ అంగలో ఆమోస్ ముగ్గురిలో ఒకణ్ణి దాటేస్తాడు. తప్పు అతనిదేనని ఎనిమిది వేలమంది కళ్ళారా చూస్తారు.

బుధవారం ఉదయం పది గంటలకు ఆమోస్ బొగ్గు బండి తోలుకుని ఆర్మెరాడ్ మిల్లుకు వచ్చాడు. ఆట లేని రోజుల్లో అతని పని అది. మిగతా వారాల్లో బొగ్గు బాయిలర్ గది దగ్గర దించి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు గుర్రాన్ని కట్టేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మగ్గాల షెడ్డు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

ఆ షెడ్డులో ఆరువందల నలభై మరమగ్గాలు ఉన్నాయి. నూట అరవైమంది నేతగాళ్ళు, తలా నాలుగు మగ్గాలు. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ మోతలో గొంతు పనికిరాదు. అందుకని ఇక్కడివాళ్ళు గొంతు వాడరు. నోరు బాగా తెరిచి, ముఖమంతా కదిపి, పెదవులతో మాట్లాడతారు. మూడు వరుసల అవతల మగ్గం దగ్గరున్న మనిషి కూడా చదువుతుంది. పొడుగు మాటలు ఉండవు. రహస్యం చెప్పాల్సి వస్తే నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని, వినవలసిన మనిషికి తప్ప మరొకరికి పెదవులు కనపడకుండా నిలబడాలి. పన్నెండేళ్ళకు మిల్లులోకి వచ్చిన పిల్లకు నాడెలో దారం ఎక్కించడం కన్నా ముందు నేర్పేది అదే.

ఆమోస్ గని పల్లెనుంచి వచ్చినవాడు. ఎనిమిదేళ్ళుగా నేతగత్తె మొగుడు. పెదవులు చదవడం వచ్చు. దాచడం రాదు.

ఎనోక్ మగ్గాలు సరిచేసే మేస్త్రీ. డెబ్భైరెండు మగ్గాలు అతని చేతికింద ఉన్నాయి. ఆమోస్ వెళ్ళేసరికి ఒక మగ్గం కింద దూరి రెంచితో ఏదో బిగిస్తున్నాడు. చెక్క అడుగు జోళ్ళు మాత్రం బయట ఉన్నాయి. ఆమోస్ ఆ జోడు మీద తన్నాడు. ఎనోక్ బయటికి వచ్చి, లేచి, దూది పీచుతో చేతులు తుడుచుకున్నాడు.

"బొగ్గు ఇక్కడ దించరు," అన్నాడు.

"శనివారం ఏం చేశావు?"

"రెండు గోల్స్ వేశా. పేపర్లో పడింది. చూళ్ళేదా? నీ పేరున్న లైన్లు తప్ప చదవవుగదా నువ్వు."

"పో అని ఎప్పుడు తన్నావు?"

ఎనోక్ చెయ్యి అప్పటికప్పుడు నోటి దగ్గరికి వెళ్ళింది. ముఫ్ఫై రెండేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళు ఈ షెడ్డులో గడిపినవాడు. ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది. ఎవరు చెప్పారని అడిగాడు. క్లారా చదివిందని ఆమోస్ చెప్పాడు.

"నీ పెళ్ళాం ఆటంతా నా నోరు చూస్తా కూచుందా? పాపం రా ఆమోస్."

ఆమోస్ ఆ మాట పట్టించుకోలేదు. "పద్నాలుగుసార్లు," అన్నాడు. ఎనోక్ తల అడ్డంగా ఊపాడు.

"పదకొండు. నేను ఆపినవి పదకొండే. మూడు నీవి. నువ్వే ముందు పరిగెత్తావు. చేసిన పని ఒప్పుకుంటా, చెయ్యని పని నా నెత్తిన రుద్దకు."

దీనికి ఆమోస్ సిద్ధపడి రాలేదు. కాదంటాడు, తిడతాడు, చెయ్యి చేసుకుంటాడు అనుకున్నాడు. అన్నిటికీ జవాబు ఆలోచించుకున్నాడు. లెక్క సరిచేస్తాడనుకోలేదు. పక్క మగ్గం మీద పనిచేస్తున్న ముసలామె గుడ్డ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ గుడ్డలో అంతగా చూడవలసింది ఏమీ లేదు.

ఎందుకని ఆమోస్ అడిగాడు. ఎనోక్ నోటి మీద చెయ్యి అలాగే ఉంచి చెప్పడం మొదలుపెట్టాడు. మొదట సిగరెట్ పెట్టెలో వచ్చిన బొమ్మ సంగతి. అక్టోబరులో ఒక కంపెనీవాళ్ళు ఆటగాళ్ళ బొమ్మలు వేశారు. రేక్లిఫ్ జట్టులోంచి ఒక్క ఆమోస్ బొమ్మే వచ్చింది.

"నేను వెయ్యమన్నానా?" అన్నాడు ఆమోస్.

"వెనకాల ఏం రాసిందో చదివావా?"

"ఏదో రాశారు."

"రేక్లిఫ్ కుడివైపు ఆట ఇతనొక్కడి చలవే. ఒక్కడి. ఆ మాట చదివి నువ్వేమన్నావు? పక్కన ఒకడున్నాడని ఎవరికన్నా చెప్పావా?"

"కంపెనీవాడికి ఉత్తరం రాయమంటావా?"

"కంపెనీవాడికి వద్దు. పేపరువాడు ప్రతి శనివారం రాత్రీ నీ పక్కనే కూచుని బీరు తాగుతాడు. ఏడేళ్ళు. ఒక్కసారి అనొచ్చు. ఈ బంతి వాడిది అని."

ఆమోస్ తాను అన్నాననే చెప్పాడు. ఎప్పుడు అన్నాడో ఎనోక్ అడిగాడు. ఆమోస్‌కు తేదీ గుర్తు రాలేదు. ఎనోక్ వరసగా ఐదు మ్యాచుల పేర్లు చెప్పాడు. ఒక్కొక్క దాంట్లో ఏ నిమిషానికి ఏ చోటునుంచి తన్నాడో, ఆ బంతి ఆమోస్ కుడికాలి ముందు పడిందా ఎడమకాలి ముందు పడిందా, మర్నాడు పేపర్లో ఎవరి పేరు పడిందో చెప్పాడు. మగ్గాల కింద దూరి పనిచేసేవాడికి ఇవన్నీ తలుచుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

"సరే. అసూయ. అంతేనా?" అన్నాడు ఆమోస్.

"అంతే కాదు. గొడుగు."

ఆమోస్ ముఖంలో మార్పు వచ్చింది. ఎనోక్ దాన్ని చూశాడు.

జనవరిలో కమిటీ మనిషి ఒకసారి చెప్పకుండా వచ్చాడు. ఆ రోజు వాన. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు స్నానాలు చేసి, మామూలు బట్టలు వేసుకుని నడవాలోకి వచ్చారు. ఆయన నేరుగా ఆమోస్ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. చెయ్యి కలపడానికి అడ్డం వచ్చిన తడి గొడుగును పక్కనున్న మనిషికి ఇచ్చాడు. ఆ పక్కనున్నది ఎనోక్. ఆ రోజు ఆమోస్ వేసిన రెండు గోల్స్‌కూ బంతి ఇచ్చినవాడు.

"పది నిమిషాలు పట్టుకుని నిలబడ్డా. నన్ను జట్టు పనివాడనుకున్నాడు. నేనెవరో నువ్వు చెప్పలేదు."

"నేను చూళ్ళేదు."

"చూశావు. చూసి నవ్వావు."

ఆమోస్ చూశాడు. ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. ఈయన ఎనోక్ డక్స్‌బరీ అండీ, నా పక్కన ఆడతాడు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అంటే ఆయన అటు తిరుగుతాడు, ఇద్దరితోనూ మాట్లాడతాడు. ఆ పది నిమిషాలూ ఆయన తన ఒక్కడితోనే మాట్లాడాలని ఆమోస్‌కు అనిపించింది. ఎనోక్‌ను చూస్తే ఆయనకు వేరే ఆలోచన వస్తుందేమోనని కూడా అనిపించింది. ఈ రెండో సంగతి అతను క్లారాకు కూడా చెప్పలేదు.

"చూశాను," అన్నాడు.

ఎనోక్ ఆ మాటకు ఆగలేకపోయాడు. గొడుగు ఎలా పట్టుకున్నాడో చూపించాడు. రెండు చేతులూ ఛాతీ ముందు ఒకదానిమీద ఒకటి పెట్టి, పిడి పట్టుకున్నట్టు, నీళ్ళు తన జోళ్ళ మీద కారుతున్నట్టు చూపించాడు. చూపించాలంటే రెండు చేతులూ కావాలి. నోటి మీది చెయ్యి దిగిపోయింది.

దిగిపోయిందని అతనికి తెలియలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ షెడ్డు మధ్యలో ముఖం తెరుచుకుని మాట్లాడాడు.

"నేను ఆపి తన్నాను. తెలిసే చేశా. పదకొండుసార్లూ. నువ్వు ఇంగ్లండ్‌కి ఆడటం నేను చూళ్ళేను. నా కాలి మీంచి పోయిన బంతి నిన్ను ఎక్కడికో తీసుకుపోతుంది. నేను ఈ మగ్గాల కింద దూరి నీ కబుర్లు వినాలి. బయటే కాదు, ఇంట్లో కూడా. మా హెటీ నీ బొమ్మ అద్దానికి అంటించి పెట్టుకుంది. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు నీ మొహం చూస్తున్నా."

అప్పుడు షెడ్డులో మోత తగ్గింది.

మగ్గం దానంతటది ఆగదు. నాడెలో పేక దారం అయిపోతే ఆగుతుంది. నేతగత్తె వెంటనే నాడె మార్చి మళ్ళీ నడిపిస్తుంది. ముక్కకు ఇంత అని కూలి, ఆగిన మగ్గానికి కూలి లేదు. ఎనోక్ చుట్టూ చూసేసరికి పదకొండు మగ్గాలు ఆగి ఉన్నాయి. పన్నెండోది ఆగింది. నాడెలు మార్చవలసిన మనుషులు చేతులు నడుములకు పెట్టుకుని ఇటే చూస్తున్నారు. మిగతావాళ్ళు మగ్గాలు నడుపుతూ తలలు ఇటు తిప్పి ఉన్నారు. పక్క మగ్గం ముసలామె గుడ్డ చూడటం మానేసింది.

మూడో వరుసలో ఎనోక్ భార్య హెటీ నిలబడి ఉంది. ఆమె తన మగ్గాన్ని ఆగి ఉండనివ్వలేదు. నాడె మార్చి, మగ్గాన్ని మళ్ళీ నడిపించి, అప్పుడు తల ఎత్తింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ప్రతి మాటా ఆ చివరివాళ్ళకు కూడా అందేలా అంది.

"అద్దం పగిలింది, మహానుభావా. పగులు కనబడకుండా బొమ్మ అంటించాను. పగలగొట్టింది కూడా నువ్వే. క్రిస్మస్‌కి తాగొచ్చి."

ఆ మోతలో నవ్వు కూడా వినపడదు. నూటయాభైమంది భుజాలు కదిలాయి. ఎనోక్ వాటిని చూశాడు. రెంచి తీసుకుని మళ్ళీ మగ్గం కిందికి దూరాడు. ఆమోస్‌ను చూసి ఎవరూ నవ్వలేదు. అయినా అతను వచ్చినప్పటికంటే తొందరగా బయటికి నడిచాడు. నేను చూళ్ళేదు, చూశాను అన్న రెండు మాటలూ అతను కూడా ముఖం తెరుచుకునే అన్నాడు. ఎనోక్ చేతుల్లోని గొడుగుతో కలిపి, చదవవలసినవాళ్ళు చదివారు.

పన్నెండున్నరకు మిల్లు భోజనానికి వదిలింది. ఒంటిగంటకల్లా ఊరికి తెలిసింది. పేగుల కూర అమ్మే అంగడి ముందు వరసలో నిలబడ్డవాళ్ళు రెండు వర్గాలయ్యారు. పదకొండే అని కొందరు, పద్నాలుగూ వాడివే అని కొందరు. కొలిమి దగ్గర ఒకాయన ఆమోస్‌కు ఈల వేసినందుకు సిగ్గుగా ఉందన్నాడు. పక్కాయన గొడుగు సంగతి అడిగితే, అది మాత్రం ఆమోస్‌ది తప్పేనన్నాడు. చీకటి పడేలోపు ఎవరో ఎనోక్ ఇంటి తలుపు మీద సుద్దతో గొడుగు బొమ్మ గీశారు. హెటీ తడిగుడ్డతో తుడిచింది. గురువారం పొద్దున్నే లేచేసరికి రెండు గొడుగులున్నాయి.

గురువారం మధ్యాహ్నం క్లబ్ కార్యదర్శి ఆమోస్ ఇంటికి మనిషిని పంపాడు. సాయంత్రం ఆరున్నరకు డైరెక్టర్ల ముందుకు రావాలి. క్లారా మిల్లునుంచి వచ్చి, తలలో దూది దులుపుకుంటూ, ఏం చెప్తావని అడిగింది. ఎనోక్ ఏమీ చేయలేదని చెప్తానన్నాడు. ఆమె దులపడం ఆపింది.

"నూటయాభైమంది చూశారు."

"డైరెక్టర్లు షెడ్డులో లేరుగా. నేను కాదంటే వాళ్ళు కాగితం మీద ఏం రాస్తారు? వాణ్ణి తీసేస్తే శనివారం నా పక్కన ఎవడాడతాడు? పిలింగ్ గాడు. తల దించుకుని ఆడతాడు వాడు. కమిటీ మనిషి గంటన్నరసేపు నన్ను గీత మీద నిలబడి ఉండగా చూసిపోతాడు."

"నీకు సమయానికి బంతి ఇవ్వనివాడు ఎనోకే."

"ఇక ఇస్తాడు. ఎనిమిది వేలమంది వాడి నోరు చూస్తుంటారు. పో అని ఆగితే ఊరు కొట్టి చంపుతుంది. ఈ శనివారం తన్నబోయేంత సరిగ్గా వాడు ఎప్పుడూ తన్ని ఉండడు."

క్లారా స్టవ్ మీద కెటిల్ పెట్టింది. వెనక్కి తిరగకుండా అడిగింది.

"నువ్వు కాపాడేది వాణ్ణా, నిన్నా?"

"నన్నే," అన్నాడు ఆమోస్.

డైరెక్టర్లు ఐదుగురు. అధ్యక్షుడు జోసయా ఆర్మెరాడ్ గారు, మిల్లు యజమాని. మిగతావాళ్ళలో ఒకరు బీరు కాచేవారు, ఒకరు కసాయి, ఇద్దరు అన్నదమ్ములు, కట్టడం కాంట్రాక్టర్లు. బల్ల మీద మాంసం ముక్కలు, ఊరగాయ ఉల్లిపాయలు ఉన్నాయి. ఆమోస్‌ను తినమనలేదు, కూర్చోమన్నారు. షెడ్డులో ఏదో మాట జరిగిందని విన్నామని, దాని మీద అతను చెప్పేదేమిటని ఆర్మెరాడ్ గారు అడిగారు.

ఎనోక్ సమయానికే బంతి ఇచ్చాడని ఆమోస్ చెప్పాడు. తానే తొందరపడ్డానన్నాడు.

"పద్నాలుగుసార్లూనా?"

"పద్నాలుగుసార్లూ, అయ్యా."

కార్యదర్శి అది రాసుకున్నాడు. కసాయి ఏదో అనబోతే ఆర్మెరాడ్ గారు అతని వైపు ఉల్లిపాయల గిన్నె జరిపారు. ఆమోస్ బండి గుర్రానికి జనవరిలో కాలు వాచింది, తగ్గిందా అని అడిగారు. తగ్గిందని ఆమోస్ చెప్పాడు. మంచిది, వెళ్ళిరమ్మన్నారు. ఆమోస్ ఇంటికి వెళ్ళి, రెండు పళ్ళాలు బంగాళాదుంప కూర తిని, మూడు వారాల తర్వాత మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాడు.

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు, ఎప్పటిలాగే, పొగాకు అంగడి కిటికీలో జట్టు జాబితా పెట్టారు. మిల్లు వదిలిన జనం అక్కడ గుమిగూడారు. ముందున్నవాళ్ళు చదివి పక్కకు తప్పుకోలేదు. వెనకవాళ్ళు తోశారు. ఎవరో పైకి చదివారు. లోపలి కుడి, డక్స్‌బరీ. కుడి వింగ్, పిలింగ్. చదివినవాణ్ణి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ అదే చదివాడు. ఆమోస్ పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఎనోక్ జనం వెనకనుంచి వచ్చాడు. అతన్ని చూసి దారి ఇచ్చారు. గౌరవానికి కాదు, అతను చదువుతుండగా ముఖం చూడాలని.

"కంగారు పడకు, ఎనోక్. రేపు వాన పడదట," అన్నాడొకడు.

ఎనోక్ కాగితం చదివాడు. మూడు వారాలుగా అతను కోరుకున్నది ఆ కాగితమే. తన పేరు ఉండాలి, పక్కన ఆ పేరు ఉండకూడదు. ఇప్పుడు అది గాజు వెనక, కార్యదర్శి చేతిరాతలో ఉంది. ఆమోస్ గురువారం ఏం చెప్పాడో కార్యదర్శి భార్య ద్వారా ఊరికి అప్పటికే తెలుసు. ఎనోక్‌కు కూడా తెలుసు. ఆ అబద్ధం విన్నప్పటినుంచి అతనికి కోపం తగ్గకపోగా పెరిగింది. ఇప్పుడు జనం ఆమోస్‌ను పెద్దమనసున్నవాడంటున్నారు. అందులో కూడా వాడే ముందున్నాడు.

అయినా అతను ఇంటివైపు వెళ్ళలేదు. వచ్చిన దారినే మిల్లుకు వెళ్ళి, ఆఫీసు మెట్లెక్కి, తలుపు తట్టాడు. ఆర్మెరాడ్ గారు బల్ల దగ్గర ఒక్కరే ఉన్నారు. ఎనోక్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయ్యా, ఆమోస్ అబద్ధం చెప్పాడు. బంతి ఆపింది నేనే."

"తెలుసు. తలుపు వెయ్."

ఎనోక్ తలుపు వేశాడు.

"నా మిల్లులో పన్నెండు మగ్గాలు ఒకేసారి ఆగితే ఎందుకు ఆగాయో నేను కనుక్కోనా?" అన్నారు ఆర్మెరాడ్ గారు. కూర్చోమన్నారు. ఎనోక్ నిలబడే ఉన్నాడు.

తెలిసి కూడా ఆమోస్‌ను ఎందుకు తీసేశారని అడిగాడు. ఆర్మెరాడ్ గారు దాచలేదు. ఆమోస్ మోకాలికి దెబ్బ తగిలిందని కమిటీకి పొద్దునే తంతి కొట్టించారు. ఆ మనిషి రేపు రాడు, వేరే ఊరు వెళ్తాడు, వేరేవాణ్ణి చూస్తాడు. రేపు వచ్చేది పట్టికలో అట్టడుగు జట్టు. ఆమోస్ లేకుండా గెలవొచ్చు. మిగిలిన ఎనిమిది మ్యాచులకు ఆమోస్ కావాలి. అవి గెలిస్తే రేక్లిఫ్ పై డివిజన్‌కు వెళ్తుంది. ముఫ్ఫై ఏళ్ళుగా వెళ్ళలేదు.

"ఇంగ్లండ్‌కి ఒక్కసారి ఆడితే, మర్నాడే పెద్ద క్లబ్బులవాళ్ళు మన గుమ్మంలో ఉంటారు. ఆ నలుగురు డైరెక్టర్లూ అతన్ని అమ్మేద్దామంటారు. నాది ఒక్క ఓటు. వాళ్ళు అమ్మకుండా ఉండాలంటే అతన్ని ఎవరూ కోరకుండా ఉండాలి. ఎలాగా అని ఫిబ్రవరినుంచీ ఆలోచిస్తున్నా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరో ఒకర్ని అడగాలనుకున్నా. నిన్నే అడుగుదామనుకున్నా. నేను అడగాల్సిన పని నువ్వు అడక్కుండానే చేసి పెట్టావు, డక్స్‌బరీ. మూడు వారాలు. ఉత్తి పుణ్యానికి."

ఎనోక్ చేతిలో టోపీ ఒక చుట్టు తిరిగింది.

"అది మీకోసం చెయ్యలేదు."

"అది నాకు తెలుసు. జాబితా చూశావుగా. అందులో ఏం లేదో గమనించావా?"

గమనించానని ఎనోక్ చెప్పాడు. కెప్టెన్ పేరు లేదు. మూడేళ్ళుగా ఆమోస్ కెప్టెన్. అతనికి ముందు గోల్ కీపర్. ఆ ముందు మరొకడు. ఎనోక్‌ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కిటికీ దగ్గర అతను ముందు చూసింది తన పేరు, తరవాత ఆమోస్ పేరు లేకపోవడం, ఆ తరవాత ఇది.

ఆర్మెరాడ్ గారు సొరుగులోంచి జాబితా నకలు తీసి బల్ల మీద పెట్టారు. కలం సిరాలో ముంచారు.

"రేపటికే కాదు. సీజన్ ఆఖరుదాకా. ఆమోస్ వచ్చే వారం జట్టులోకి వస్తాడు, నీ కింద ఆడతాడు. నీ పేరు రాస్తే బుధవారం షెడ్డులో ఏమీ జరగనట్టు. నువ్వు సమయానికే తన్నావని ఆమోసే చెప్పాడు, పుస్తకంలో ఉంది. రాయొద్దంటే నువ్వు ఇప్పుడు చెప్పింది కూడా పుస్తకంలో రాయించాలి. సొంత జట్టువాణ్ణి పాడుచేసినవాడికి ఈ జిల్లాలో ఏ క్లబ్బూ చొక్కా ఇవ్వదు."

"మోకాలు సంగతి ఆమోస్‌కి తెలుసా?"

"తెలీదు. ఎవరో ఒకరు చెప్పాలి. అలాంటివి కెప్టెన్ చెప్తేనే బాగుంటుంది."

కింద ఇటుక నేల మీద ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడయింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నారు. ఆ ఎక్కడం ఎనోక్‌కు తెలుసు. ఏడేళ్ళు ఆ కాళ్ళ వేగాన్ని బట్టి బంతి తన్నినవాడు. ఆమోస్ జాబితా చూసి వస్తున్నాడు. తలుపు మీద పిడికిలితో మూడుసార్లు కొట్టాడు.

ఆర్మెరాడ్ గారు గొంతు తగ్గించారు. "అతను లోపలికి రాకముందే చెప్పు. రాయనా?"

కలం మొనమీద సిరా బొట్టుకట్టింది. ఆయన దాన్ని సీసా అంచుకు తగిలించి రాల్చారు. తలుపు మీద మళ్ళీ చప్పుడయింది. అవతలనుంచి ఆమోస్ గొంతు, అయ్యా, లోపల ఉన్నారా అని అడిగింది.

"రాయండి," అన్నాడు ఎనోక్.

కాగితం మీద తన పేరు పూర్తయ్యేదాకా నిలబడి చూశాడు. అప్పుడు టోపీ పెట్టుకుని, వెళ్ళి ఆమోస్‌కు తలుపు తీశాడు.